ఆపి చూస్తేనే బలం

మీ కారు పొల్యూషన్ సర్టిఫికెట్‌ను డ్యాష్‌బోర్డు అరలోంచి తీసి ఒక్కసారి పూర్తిగా చదవండి. బండి నంబరు సరిగ్గా పడిందా, గడువు ఎప్పటిదాకా ఉంది అని చూసి మడత పెట్టేయడమే మనందరి అలవాటు. ఆ కాగితంలో పెట్రోలు బండికి ‘లాంబ్డా’ అనే గడి ఒకటుంటుంది. భారత్ స్టేజ్-4, ఆ తర్వాతి ప్రమాణాల కార్లకు అందులో 0.97కీ 1.03కీ మధ్య అంకె రావాలి. ఇంజన్‌ను నిమిషానికి సుమారు 2,500 చుట్ల దగ్గర నిలిపి, సైలెన్సర్‌లోకి సన్నటి గొట్టం దూర్చి, పొగను పీల్చి చూసి రాసిన లెక్క అది.

ఆ అంకె 1 అయితే, ఇంజన్ తాగిన పెట్రోలుకు సరిగ్గా సరిపడా గాలి అందిందని అర్థం. ఒకటి దాటితే గాలి ఎక్కువ, తగ్గితే పెట్రోలు ఎక్కువ. ఇంతవరకూ సులువే. చిక్కంతా ఆ తర్వాత ఉంది. పరీక్ష కేంద్రంలో బుద్ధిగా ఒకటి చూపించిన కారే, ఘాట్‌రోడ్డులో లారీని దాటడానికి మీరు యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కితే, ఒకటిని వదిలేసి 0.88 దగ్గరికి దిగిపోవచ్చు. బండి చెడిపోయి కాదు, దిగమని చెప్పి ఉంచారు కాబట్టి దిగుతుంది. ఏ వేగంలో, ఎంత బరువు లాగుతున్నప్పుడు ఎంత దిగాలో ముందుగానే తేల్చి ఇంజన్ కంప్యూటర్‌లో రాసి పెట్టారు. తేల్చింది రోడ్డు మీద కాదు. ఇంజన్‌ను పరుగెత్తిస్తూనే ముందుకు పోనివ్వకుండా నిలబెట్టి కొలిచే యంత్రం మీద. దాని పూర్తి పేరు డైనమోమీటరు, వాడుకలో డైనో.

గాలికీ తూకం ఉంది

పెట్రోలుకు డబ్బు కడతాం కాబట్టి దాని లెక్క మనకు చుక్కలతో సహా తెలుసు. గాలికి బిల్లు లేదు కాబట్టి లెక్కా లేదు. ఇంజన్‌కు మాత్రం గాలే అసలు సరుకు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లాంబ్డా 1 అంటే ఈ నిష్పత్తే. లీటరు పెట్రోలు ముప్పావు కిలోకు కాస్త తక్కువ తూగుతుంది. దానికి జతపడే గాలి సుమారు 11 కిలోలు, ఘనపరిమాణంలో తొమ్మిది వేల లీటర్లు. వేసవిలో కాలనీలకు నీళ్లు తెచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు పక్కపక్కన నిలబెడితే, వాటిలో పట్టేంత గాలిని ఒక్క లీటరు పెట్రోలు మింగేస్తుందన్న మాట.

ఇప్పుడు సిలిండర్‌లోకి తొంగి చూద్దాం. నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ల ఇంజన్ తీసుకుంటే, ఒక్కో సిలిండర్‌లో పట్టేది 300 మిల్లీలీటర్లు. పిస్టన్ కిందికి దిగుతూ నిండా గాలి పీల్చుకుంటే దాని బరువు 0.36 గ్రాములు. దానికి కావలసిన పెట్రోలు 24 మిల్లీగ్రాములు, అంటే చుక్కల మందు సీసాలోంచి రాలే ఒక్క చుక్క కంటే తక్కువ. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఈ చుక్కను ఒక్కో సిలిండర్‌కు సెకనుకు 50 సార్లు, మొత్తం మీద 200 సార్లు కొలిచి పొయ్యాలి. అదీ నూటికి రెండు మూడు పాళ్లకు మించి తేడా రాకుండా.

ఈ పనికి 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ చక్కటి ఉపాయం కనిపెట్టాడు. అదే చిమ్ముడు కార్బురేటర్. గాలి వెళ్లే గొట్టాన్ని మధ్యలో సన్నం చేస్తే, అక్కడ గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. ఆ చోట సన్నటి రంధ్రంతో పెట్రోలు అందిస్తే గాలే దాన్ని లాక్కుని తుంపరగా చేసుకుంటుంది. ఇంట్లో దోమల మందు కొట్టే పాతకాలపు ఫ్లిట్ పంపు పనిచేసేదీ ఇంచుమించు ఇలాగే. అంబాసిడర్, పద్మిని, తొలినాటి మారుతి 800 కార్లు దశాబ్దాల తరబడి ఈ ఉపాయంతోనే నడిచాయి.

చిక్కన, పలచన

మజ్జిగ లెక్కన చెప్పుకుంటే, పెట్రోలు పాలు ఎక్కువైన మిశ్రమం చిక్కటిది, తక్కువైనది పలచటిది. మెకానిక్‌లు రిచ్ అని, లీన్ అని అంటారు. తాగేవాడిని బట్టి, వేళను బట్టి మజ్జిగ మారినట్టే, ఇంజన్‌కు ఎప్పుడు ఏది కావాలన్నది అప్పటి పనిని బట్టి ఉంటుంది.

బలం కావలసినప్పుడు చిక్కన కావాలి. ఎందుకంటే సిలిండర్‌లోకి పట్టే గాలికి హద్దుంది, పెట్రోలుకు లేదు. పట్టిన గాలిలోని ఆక్సిజన్ అంతా ఖర్చైపోవాలి. పంక్తి భోజనంలో ఏ విస్తరీ వెలితిగా ఉండకూడదంటే వడ్డించేవాళ్లు లెక్కకు మించి నాలుగు గరిటెలు తెచ్చుకోక తప్పదు. పెట్రోలు కూడా అంతే. గాలీ తుంపరా ఎంత కలిసినా అణువు అణువుకూ జత కుదరదు కాబట్టి, కాస్త ఎక్కువ పోస్తేనే ఏ ఆక్సిజన్ అణువూ ఒంటరిగా మిగలదు. పైగా కొంచెం చిక్కటి మిశ్రమంలో మంట త్వరగా పాకుతుంది. ఆవిరయ్యే పెట్రోలు చుట్టూ ఉన్న వేడిని లాక్కుని సిలిండర్‌ను చల్లబరుస్తుంది. అందుకే మామూలు పెట్రోలు ఇంజన్ గరిష్ఠ బలం 14.7 దగ్గర కాక, 12.5కీ 13.2కీ మధ్య వస్తుంది. గాలిని ఒత్తి లోపలికి నెట్టే టర్బో ఉన్న ఇంజన్‌లో వేడి మరీ ఎక్కువ కాబట్టి ఇంకా చిక్కగా, 11.5 నుంచి 12 దాకా వెళ్తారు.

వడ్డనలో మిగిలింది వృథా అయినట్టే ఇక్కడా మిగులు ఉంటుంది. సగం కాలిన పెట్రోలు కార్బన్ మోనాక్సైడ్‌గా బయటికి పోతుంది. ఇంకా చిక్కబడితే నల్ల పొగ. మరీ ఎక్కువైతే పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి రింగులను అరగదీస్తుంది.

పొదుపు కావాలంటే దారి ఇటు కాదు. సమంగా ఉన్న హైవే మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు మిశ్రమాన్ని 15.5, 16 దాకా పలచన చేస్తే పెట్రోలు ప్రతి చుక్కా కాలుతుంది. కానీ అలా చేస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. సైలెన్సర్ దారిలో ఉండే కాటలిటిక్ కన్వర్టర్ వాటిని శుభ్రం చెయ్యలేదు. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూతలున్న ఆ డబ్బా కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడ్లు అనే మూడు రకాల విషాలనూ ఒకేసారి విరగ్గొట్టాలంటే మిశ్రమం సరిగ్గా ఒకటికి ఇటూ అటూ వెంట్రుకవాసిలో ఊగుతూ ఉండాలి. పొల్యూషన్ కాగితం మీది లాంబ్డా గడి ఈ డబ్బా కోసమే పుట్టింది.

అంటే పెట్రోలు ఇంజన్‌కు ఒక్క ‘సరైన నిష్పత్తి’ లేదు. బలానికి ఒకటి, పొదుపుకు ఒకటి, శుభ్రానికి ఒకటి. ఏ క్షణంలో దేనికి పెద్దపీట వెయ్యాలో తేల్చడమే ట్యూనింగ్.

చెవి ఎంతవరకు చెబుతుంది

పాత మెకానిక్‌లకు ఈ అంకెలేవీ అక్కర్లేదు. ఇంజన్‌ను వేడెక్కనిచ్చి, కార్బురేటర్ పక్కన ఉండే మిక్చర్ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ చెవి ఒగ్గి వినేవారు. స్లో స్పీడులో ఇంజన్ చప్పుడు నున్నగా, వేగం కాస్త ఎక్కువగా ఉన్న చోట ఆపేవారు. మరీ విప్పితే గొణుగుడు, బిగిస్తే తడబాటు. ఇదేమీ గుడ్డి పని కాదు. మిశ్రమం కుదిరిన చోటే ఇంజన్ వేగం పెరుగుతుంది కాబట్టి, ఆ చెవి వింటున్నది నిజమైన భౌతిక శాస్త్రమే.

పై వేగాల సంగతి తేల్చడానికి స్పార్క్ ప్లగ్గు ఉండేది. బండిని గట్టిగా లాగించి, ఉన్నట్టుండి ఇగ్నిషన్ కట్టేసి, క్లచ్ నొక్కి పక్కకు ఆపి ప్లగ్గు విప్పేవారు. మొన మసి పట్టి నల్లగా ఉంటే మిశ్రమం చిక్కన. బిస్కెట్ రంగులోకి తిరిగితే సరే. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పలచన, పిస్టన్‌కు ప్రమాదం. ఆ రంగును బట్టి పెట్రోలు రంధ్రం, అంటే జెట్టు, ఒక సైజు పెంచడమో తగ్గించడమో చేసేవారు.

ఈ పద్ధతికి హద్దు ఎక్కడుందంటే, ప్లగ్గు ఒక్క వేగం గురించే చెబుతుంది. మూడు వేల చుట్ల దగ్గర ఏమైందో, అయిదు వేల దగ్గర ఏమైందో విడదీసి చెప్పలేదు. ఇక ‘పికప్ వచ్చింది’ అన్న మాటనైతే అసలు నమ్మలేం. సైలెన్సర్ మార్చి చప్పుడు పెంచితే చాలు, బండి వేగం పెరిగినట్టే అనిపిస్తుంది. కుదుపుగా లాగే బండి, నున్నగా లాగే బండి కంటే బలమైనదిగా తోస్తుంది. వీపుకు తగిలిన తోపుడు అనుభూతే తప్ప కొలత కాదు.

బీహెచ్‌పీలో ‘బీ’ ఎవరు?

బలాన్ని కొలవడం ఇంజన్ల కంటే ముందు పుట్టిన సమస్య కాదు, వాటితోపాటే పుట్టింది. ఆవిరి యంత్రాలు అమ్మాలనుకున్న జేమ్స్ వాట్‌కు, ‘ఇది ఎన్ని గుర్రాల పెట్టు?’ అనే కొనుగోలుదారుకు జవాబు చెప్పాల్సి వచ్చింది. నిమిషంలో 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తు లేపితే ఒక గుర్రం బలం అని లెక్క కట్టాడు. ఈనాటి కొలతలో అది 746 వాట్లు.

కొలమానం దొరికింది గానీ, గిర్రున తిరిగే ఇరుసు నుంచి ఆ బలాన్ని రాబట్టి చూడటం ఎలా? ఫ్రెంచి ఇంజనీరు గాస్పార్ ద ప్రోని 1821లో జవాబిచ్చాడు. తిరిగే ఇరుసును రెండు చెక్కదిమ్మెల మధ్య బిగించాడు. దిమ్మెలకు పొడవాటి కర్ర ఒకటి తగిలించాడు. ఇరుసు తిరుగుతూ రాపిడితో దిమ్మెలనూ తనతో తిప్పుకుపోవాలని చూస్తుంది. కర్ర చివర బరువులు వేలాడదీస్తూ పోతే, ఒక దగ్గర కర్ర అటూ ఇటూ పోకుండా తక్కెడ ముల్లులా నిలబడుతుంది. ఆ బరువును కర్ర పొడవుతో హెచ్చిస్తే ఇరుసు మెలితిప్పే బలం, అంటే టార్క్. దానికి చుట్ల లెక్క కలిపితే శక్తి. ఇంజన్ శక్తంతా ఆ దిమ్మెల్లో వేడిగా మారిపోతుంది.

ప్రోని పెట్టింది అచ్చంగా బ్రేకే. కారు ప్రకటనల్లో మనం రోజూ చూసే ‘బీహెచ్‌పీ’లోని ‘బీ’ ఆ బ్రేకే. ఇంజన్ బలం దాన్ని స్వేచ్ఛగా తిరగనిస్తే తెలియదు, ఆపబోతేనే తెలుస్తుంది. రెండు వందల ఏళ్లలో ఆపే తీరు మారిందే తప్ప సూత్రం మారలేదు. బ్రిటిష్ నౌకాదళపు భారీ ఇంజన్ల కోసం విలియం ఫ్రౌడ్ 1877లో చెక్కల స్థానంలో నీటిని వాడాడు. తర్వాత విద్యుదయస్కాంతం వచ్చింది. అయస్కాంతాల మధ్య లోహపు పళ్లెం తిరిగితే అందులో సుడి విద్యుత్తు పుట్టి, ఏదీ తాకకుండానే పళ్లాన్ని వెనక్కి పట్టేస్తుంది. కరెంటు పెంచితే పట్టు పెరుగుతుంది, తగ్గిస్తే సడలుతుంది.

లెక్క మాత్రం చేతివేళ్ల మీదే. న్యూటన్ మీటర్లలో టార్క్‌ను నిమిషానికి చుట్లతో హెచ్చించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 4,000 చుట్ల దగ్గర 110 న్యూటన్ మీటర్లు ఉంటే 46 కిలోవాట్లు, గుర్రాల్లో 62.

కదలని కారు, తిరిగే నేల

తయారీ కంపెనీలు ఇంజన్‌ను విడిగా బిగించి కొలుస్తాయి. మనలాంటివాళ్ల కారును మాత్రం ఇంజన్ విప్పకుండా రోలర్ల మీద ఎక్కిస్తారు. నేలలో గొయ్యి తీసి, పైకి కాస్త కనిపించేలా బిగించిన పెద్ద ఉక్కు రోలర్లు అవి. ఇంజన్ తిప్పే చక్రాలు వాటి మీదికి రాగానే కారును నాలుగు వైపులా బెల్టులతో నేల కొక్కేలకు బిగిస్తారు. ఎదురుగాలి ఉండదు కాబట్టి రేడియేటర్ ముందు పెద్ద ఫ్యాను పెడతారు. సైలెన్సర్‌కు గొట్టం తగిలించి పొగను బయటికి పంపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ఆ గొట్టం ఊడితే గదిలోవాళ్లకు ప్రాణాపాయం. టైర్లలో గాలి, ఇంజన్ ఆయిల్ వేడి చూసుకుంటారు. ఎగ్జాస్ట్ గొట్టంలో, కాటలిటిక్ డబ్బాకు ముందు, ఒక సెన్సర్ బిగించి దాని వైరును ల్యాప్‌టాప్‌కు కలుపుతారు.

సాధారణంగా నాలుగో గేరు వేస్తారు, ఇంజన్ చుట్లకూ గేర్‌బాక్స్ చుట్లకూ తేడా తక్కువుండే గేరు అదే. రెండు వేల చుట్ల దగ్గర కుదుటపడ్డాక యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కుతారు. చప్పుడు పెరుగుతూ పోతుంది, బెల్టులు బిగుసుకుంటాయి, కారు ముక్కు కొద్దిగా అదురుతుంది. పది పదిహేను సెకన్లలో సూది ఆరు వేలు దాటగానే క్లచ్ నొక్కేస్తారు. ఒక రన్ అయిపోయింది.

ఆ కాసేపట్లో యంత్రం చేసింది చిన్న పని. బరువు, పరిమాణం తెలిసిన రోలరు ఎంత త్వరగా వేగం అందుకుందో గమనించింది. బరువైన దాన్ని త్వరగా తిప్పాలంటే ఎక్కువ బలం కావాలన్న న్యూటన్ సూత్రమే దీనికి ఆధారం. బ్రేకు ఉన్న డైనోలు ఇంకో పని కూడా చేస్తాయి. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజన్‌ను 2,500 చుట్ల దగ్గరే కట్టేసి ఉంచగలవు. ఎత్తు ఎక్కడం, బరువు లాగడం లాంటి పరిస్థితులను అక్కడే, నిలకడగా, కావలసినంత సేపు సృష్టించవచ్చు. ట్యూనింగ్‌కు అసలు పనికొచ్చేది ఇదే. ప్రకటనల్లో కనిపించే ఏఆర్‌ఏఐ (భారత ఆటోమోటివ్ పరిశోధన సంఘం) మైలేజీ అంకె కూడా ఇలాంటి రోలర్ల మీద, ముందే రాసిపెట్టిన వేగాల వరుస ప్రకారం నడిపి తీసిందే. మన రోడ్డు మీద ఆ అంకె రాకపోవడానికి సగం కారణం అదే.

గళ్ల పట్టిక

తెర మీద మూడు గీతలు వస్తాయి. ఒకటి టార్క్, ఒకటి శక్తి, అడుగున మిశ్రమం. కొత్తవాళ్ల కళ్లు పై రెండింటి మీదే ఉంటాయి. అనుభవం ఉన్నవాళ్లు ముందు అడుగు గీత చూస్తారు. ఉదాహరణకు టార్క్ గీత 3,500 దగ్గర గుంత పడిందనుకోండి. సరిగ్గా దాని కిందే మిశ్రమం గీత 11.2కి దిగి ఉంటే, అక్కడ పెట్రోలు ఎక్కువై ఇంజన్ ఉక్కిరిబిక్కిరి అవుతోందని తెలిసినట్టే. రోడ్డు మీద డ్రైవర్ దీన్నే ‘మూడో గేరులో కాస్త ఆగి లాగుతోంది’ అంటాడు. రోగం ఒకటే. డ్రైవర్‌కు అది అనుమానం, ఈ తెర మీద చోటుతో సహా దొరికిన సాక్ష్యం.

ఇప్పటి కార్లలో స్క్రూ లేదు, పట్టిక ఉంది. ఎక్కాల పుస్తకంలా గళ్లు గళ్లుగా ఉంటుంది. ఒకవైపు ఇంజన్ చుట్లు, ఇంకోవైపు లోపలికి వచ్చే గాలి ఒత్తిడి. రెండూ కలిసే ప్రతి గడిలో పెట్రోలు లెక్క. పదహారు వరుసలు, పదహారు నిలువులు ఉంటే 256 గళ్లు. ఇంజన్ కంప్యూటర్ క్షణక్షణమూ తను ఏ గడిలో ఉందో చూసుకుని ఇంజెక్టర్‌ను అన్ని మిల్లీసెకన్లు తెరుస్తుంది.

ఒక గడి నింపడం ఎలాగో చూద్దాం. డైనో బ్రేకుతో ఇంజన్‌ను 3,500 దగ్గర నిలిపి పెడల్ పూర్తిగా తొక్కారు. ఆ గడిలో లాంబ్డా 0.88 ఉండాలని నిర్ణయం. సెన్సర్ 0.84 చూపిస్తోంది, అంటే చిక్కన. 0.84ను 0.88తో భాగిస్తే 0.955. గడిలో ఉన్న పెట్రోలు అంకెను దీంతో హెచ్చిస్తే, నాలుగున్నర శాతం తగ్గుతుంది. కొత్త అంకె రాసి, సెన్సర్ కుదుటపడేదాకా ఆగి, మళ్లీ చూస్తారు. కుదిరితే పక్క గడి. ఐదో తరగతి భాగహారమే, కాకపోతే వందల గళ్లకు ఓపిగ్గా చెయ్యాలి. ఖాళీగా నిలబడ్డప్పుడు, మామూలుగా పోతున్నప్పుడు వచ్చే గళ్లను ఒకటి దగ్గరే ఉంచి, పెడల్ అడుగంటా తొక్కినప్పటి గళ్లను 0.86 నుంచి 0.9 మధ్యకు తెస్తారు.

ఈ పని ఇంత తేలికైందంటే కారణం ఆ సెన్సరే. బాష్ కంపెనీ తయారుచేసిన ఆక్సిజన్ సెన్సర్ తొలిసారి 1976లో, కాలిఫోర్నియాకు పంపిన వోల్వో కార్లలో వచ్చింది. జిర్కోనియా పింగాణీతో చేసిన ఆ సెన్సర్ వందల డిగ్రీల వేడిలో పనిచేస్తుంది. పొగలో ఆక్సిజన్ తక్కువైతే 0.9 వోల్టులు, ఎక్కువైతే 0.1 వోల్టు ఇస్తుంది. కానీ దానికి తెలిసింది రెండే మాటలు, చిక్కన, పలచన. ఎంత అని అడిగితే చెప్పలేదు. ఎంతో చెప్పగల వైడ్‌బ్యాండ్ సెన్సర్లు 1990లలో వచ్చాకే ప్లగ్గు రంగు చూసే అవసరం తీరింది.

మంటకూ సమయం కావాలి

మిశ్రమం కుదిరినంత మాత్రాన పని అయిపోదు. దాన్ని ఎప్పుడు వెలిగించాలన్నది రెండో సగం. సిలిండర్‌లో మంట ఒక కొస నుంచి ఇంకో కొసకు పాకడానికి రెండు మిల్లీసెకన్ల దాకా పడుతుంది. నిమిషానికి 6,000 చుట్ల దగ్గర ఒక్క మిల్లీసెకనులో క్రాంక్ 36 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే, 25 నుంచి 35 డిగ్రీల ముందుగా నిప్పు పెట్టాలి. ఊయల ఊపేవాడు అది వెనక్కి వచ్చి తిరిగే క్షణం చూసి తోసినట్టు, ఒత్తిడి శిఖరం పిస్టన్ కిందికి మళ్లిన కాసేపటికే తగలాలి.

డైనో మీద ఈ క్షణాన్ని వెతకడం చూడముచ్చటగా ఉంటుంది. ఇంజన్‌ను ఒక చోట నిలిపి, టైమింగ్‌ను డిగ్రీ చొప్పున ముందుకు జరుపుతారు. టార్క్ పెరుగుతుంది, ఇంకా పెరుగుతుంది, ఒక దగ్గర ఆగుతుంది. ఆగిందంటే ఇక ముందుకు వెళ్లి లాభం లేదు. ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి వచ్చి అక్కడ స్థిరపడతారు.

అత్యాశకు పోతే శిక్ష వెంటనే పడుతుంది. మంట ఇంకా చేరని మూలన ఉన్న మిశ్రమం, ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక తనంతట తానే పేలిపోతుంది. అదే నాకింగ్. బయటికి డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తుంది. లోపల సుత్తి దెబ్బలే. పలచటి మిశ్రమం, ముందస్తు టైమింగ్ రెండూ కలిస్తే పిస్టన్‌కు బొక్క పడటానికి నిమిషాలు చాలు. అందుకే జాగ్రత్తపరులు మిశ్రమాన్ని చిక్కగా, టైమింగ్‌ను వెనక్కి పెట్టి మొదలుపెట్టి, మెల్లగా ముందుకు వస్తారు. ఎప్పుడూ అటు నుంచి ఇటు రారు.

ఎండ, కొండ, ఇథనాల్

ఇంత కష్టపడి తీసిన అంకె కూడా ఆ పూట గాలిదే. గాలి వేడెక్కితే పలచబడుతుంది. డిసెంబరు ఉదయం 18 డిగ్రీల చలిలో ఉన్న గాలితో పోలిస్తే, మే నెల మిట్టమధ్యాహ్నం 44 డిగ్రీల విజయవాడ గాలిలో, అదే చోటులో పట్టే ఆక్సిజన్ ఎనిమిది శాతం తక్కువ. బలం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. సుమారు 850 మీటర్ల ఎత్తున్న తిరుమల మీద గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో కంటే పదో వంతు తక్కువ. గాలి బరువును తూచడం తెలియని కార్బురేటర్ పెట్రోలును ఆ మేరకు తగ్గించదు కాబట్టి, కొండెక్కేకొద్దీ పాత కార్లు మిశ్రమం చిక్కబడి ఆయాసపడేవి. ఇప్పటి కార్లలో సెన్సర్లు గాలి ఒత్తిడి, వేడి చూసి పెట్రోలు తగ్గించేస్తాయి.

డైనోలు కూడా ఆ పూట వేడి, ఒత్తిడి, తేమ కొలిచి, 25 డిగ్రీలు, 99 కిలోపాస్కళ్ల వంటి ప్రామాణిక వాతావరణానికి సరిచేసిన అంకె ఇస్తాయి. సరిచేసినా, ఒక డైనో అంకెను ఇంకో డైనో అంకెతో పోల్చకూడదు. రోలర్ల పరిమాణం, టైర్ల రాపిడి, లెక్క కట్టే తీరు వేరు. పైగా గేర్‌బాక్స్, టైర్లు పది పదిహేను శాతం తినేస్తాయి కాబట్టి, కంపెనీ చెప్పిన అంకె కంటే చక్రాల దగ్గర తక్కువే వస్తుంది. మోసం జరిగిందని కంగారు పడనక్కర్లేదు. డైనో నిజంగా చెప్పగలిగేది తేడాను. అదే యంత్రం, అదే గేరు, అదే పూట, మార్పుకు ముందూ తర్వాతా.

ఈమధ్య మరో మార్పు నేరుగా బంకులోనే వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ అణువులోనే మూడో వంతు బరువు ఆక్సిజన్. కిలో ఇథనాల్‌కు 9 కిలోల గాలి చాలు. కలిపాక నిష్పత్తి 14.7 నుంచి సుమారు 13.5కు దిగుతుంది. సెన్సర్ ఉన్న కారు పొగను చూసి పెట్రోలు పెంచుకుంటుంది. కార్బురేటర్ బండికి ఆ సంగతి తెలియదు. పాత జెట్టుతోనే నడిస్తే ఏడెనిమిది శాతం పలచబడినట్టే. లీటరు ఇంధనంలోని శక్తి కూడా ఏడు శాతం దాకా తగ్గుతుంది. పాత బండి లాగట్లేదని, పొద్దున్నే స్టార్టు కావట్లేదని చెప్పేవాళ్ల ఫిర్యాదులో కొంత కారణం ఇక్కడుంది.

కాగితం అడగండి

కారు బలం పెంచుతామని, కంప్యూటర్ పట్టిక మార్చి పదీ ఇరవై గుర్రాలు అదనంగా ఇస్తామని చెప్పేవాళ్లు ఇప్పుడు ప్రతి నగరంలో ఉన్నారు. టర్బో ఇంజన్లలో గాలి ఒత్తిడి పెంచే వీలుంటుంది కాబట్టి ఆ మాటలో కొంత నిజముంది. టర్బో లేని చిన్న పెట్రోలు ఇంజన్‌లో పట్టే గాలి మారదు, కనుక వచ్చేదీ స్వల్పమే. కంపెనీ నిర్ణయించిన స్థితిని మారిస్తే వారంటీ పోవచ్చు, పొల్యూషన్ పరీక్షలో తప్పవచ్చు. రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

అయినా చేయించుకోవాలనుకుంటే, గుర్రాల అంకె ఒక్కటే చూపిస్తే ఒప్పుకోకండి. మార్పుకు ముందు, తర్వాత ఒకే డైనో మీద తీసిన రెండు కాగితాలూ అడగండి. రెండింటిలోనూ శక్తి గీత కింద మిశ్రమం గీత ఉందో లేదో చూడండి. పై గీత పైకి లేచి, కింది గీత 12.5, 13 దగ్గర, టర్బో అయితే 11.5, 12 దగ్గర నిలకడగా ఉంటే పని తెలిసినవాళ్ల చేతిలో పడ్డట్టు. కింది గీతే లేకపోతే, ఆ అదనపు గుర్రాలకు మేత ఎక్కడి నుంచి వస్తోందో ఎవరికీ తెలియదన్న మాట. వచ్చే ఆరు నెలలకో ఏడాదికో పొల్యూషన్ పరీక్షకు వెళ్లినప్పుడు లాంబ్డా గడి కూడా చదవండి. మీ ఇంజన్ ఎలా ఊపిరి పీలుస్తోందో తెలుసుకోవడానికి సామాన్యుడి చేతికి తేలికగా అందే కొలత అది.